నీటి జాడ పట్టిన వైద్యుడు – జాన్ స్నో

తొలకరి వానలు పడి చెరువులకు క్రొత్త నీరు వచ్చిన నెలలో మన పల్లెలలో ఏ వీధికి వెళ్లినను ఒకరిద్దరు బిడ్డలు విరేచనములతో నీరసించి యుండుట చూచుచుందుము. దిష్టి తగిలినదని ఒకరందురు, పండ్లు వచ్చుచున్నవని మరియొకరందురు, వేడి చేసినదని ఇంకొకరందురు. మన తాతల కాలములో ఈ వానల వెంటనే వాంతిభేది వచ్చి పేటలకు పేటలను ఊడ్చిపెట్టుచుండెను. తెలంగాణపు పల్లెలలో దానికి గత్తర యని పేరు. రోగము తగ్గిపోయినను ఆ పేరు మాత్రము తిట్టుగా నేటికిని నోళ్లలో మిగిలియున్నది.

ఈ రోగము గాలిలో తేలి రాదనియు, రోగి కడుపులోనుండి వెడలినది నీటిలో కలిసి మరియొకని నోటిలో ప్రవేశించుటచేతనే వచ్చుననియు లెక్కలు చూపి చెప్పినవాడు ఇంగ్లండు దేశపు వైద్యుడు జాన్ స్నో. ఈ నెల ఆయన జీవితమును చదువరులకు చెప్పదలచితిమి. ఆయన పాదిరి కాడు, మిషనరీ కాడు. ఆయనను భక్తుల వరుసలో నిలువబెట్టుటకు మేము తొందరపడము. అయితే ఆయన మాట నిలుచుటకు ఒక పాదిరిగారు కారణమైరి. వారు మొదట ఆ మాట తప్పని చూపుటకే బయలుదేరిరి. అందుచేత ఈ కథకు మన పత్రికలో చోటున్నదని తలంచుచున్నాము.

జాన్ స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన యార్కు పట్టణములో జన్మించెను. తండ్రి కూలిపని చేసి బ్రతుకువాడు. వారి యిల్లు ఊజ్ నది ఒడ్డున, వరద వచ్చినప్పుడెల్ల మునుగు పేదల పేటలో ఉండెను. తొమ్మండుగురు బిడ్డలలో జాన్ పెద్దవాడు. చదువులో చురుకైనవాడగుటచేత తలిదండ్రులు కష్టపడి, పదునాలుగవ యేట, అనగా 1827లో, అతనిని న్యూకాజిలు పట్టణములోని ఒక వైద్యుని యొద్ద పని నేర్చుకొనుటకు పెట్టిరి. పల్లెనుండి బిడ్డను బోర్డింగుకు పంపిన తల్లిదండ్రులు ఆ యింటివారి గుండె ఎట్లుండెనో వేరుగా చెప్పకయే యెరుగుదురు.

పదునేడవ యేట అతడు మాంసాహారము మానెను. తరువాత మద్యము ముట్టనని ప్రమాణపత్రము వ్రాసెను. త్రాగు నీటిని గూడ కాచి వడపట్టి ఆవిరి పట్టిన నీటినే కోరుచుండెను. తోటివారికి ఇది ఒక పిచ్చిగా తోచెను. నీటి విషయములో ఆ యువకునికి అంత పట్టుదల అప్పుడే ఎందుకు కలిగెనో గాని, తరువాతి కథ తెలిసిన మనకు అది వింతగా తోపదు.

వాంతిభేది మన దేశమునకు పాతదే. 1817లో బెంగాలు దేశమున విజృంభించి, వర్తకుల వెంటను సైన్యముల వెంటను అది పడమటికి నడిచి, రుష్యా దేశము దాటి, 1831లో ఓడలమీద ఇంగ్లండుకు చేరెను. న్యూకాజిలు దగ్గరనున్న కిల్లింగువర్తు బొగ్గుగనులలో రోగము ప్రబలగా, పదునెనిమిదేండ్ల స్నోను అతని గురువు అక్కడికి పంపెను. ఆనాటి వైద్యము రక్తము తీయుట, నల్లమందు పట్టుట, బ్రాంది పోయుట. ఇవి ఎవరిని బ్రతికించునని? ఆ బాలుడు రాత్రింబగళ్లు శ్రమపడెను గాని పనివాండ్రు చనిపోవుచునే యుండిరి. గనిలోనికి దిగినవారు ఎనిమిది తొమ్మిది గంటలు పైకి రారు. రొట్టె వెంట తీసికొనిపోయి లోపలనే తిందురు. కాలకృత్యములు కూడ ఆ చీకటిలోనే. చేతులు కడుగుకొనుటకు నీరు లేదు. ఈ సంగతి స్నో మనస్సులో పడి పదునేడేండ్లు అక్కడనే నాని యుండెను.

1836లో అతడు పెద్ద చదువులకై లండను బయలుదేరెను. బండికి డబ్బు లేక చాల భాగము కాలినడకనే పోయెను. 1838లో శస్త్రవైద్యుల పరీక్షలోను, 1844లో లండను విశ్వవిద్యాలయపు ఎం.డి. పరీక్షలోను నెగ్గెను. సోహో అను ఇరుకైన పేటలో వైద్యము పెట్టెను. గొంతు బొంగురు, మాట తక్కువ, పెద్దల యిండ్లకు పోయి పొగడుట తెలియదు. రోగులు తగినంతమంది రాలేదు. వివాహము చేసికొనలేదు.

ఆయనకు మొదట పేరు తెచ్చినది వాంతిభేది కాదు, మత్తుమందు. 1846లో అమెరికాలో ఈథరు ఆవిరిని పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రము చేసిరని విని, స్నో ఆ ఆవిరి ఎంత వేడిలో ఎంత పుట్టునో, ఎంత పీల్చిన నిద్ర వచ్చునో, ఎంత పీల్చిన ప్రాణము పోవునో కొలిచి చూచెను. క్లోరోఫారము వచ్చిన పిమ్మట దానిని కూడ అట్లే పరిశోధించెను. ప్రసవవేదన స్త్రీకి దేవుడు విధించినదే గనుక దానిని తగ్గించుట తప్పని కొందరు ఆదికాండము చూపి వాదించుచున్న దినములవి. 1853 ఏప్రిల్ 7వ తేదీన విక్టోరియా రాణి ప్రసవ సమయమున స్నో స్వయముగా క్లోరోఫారము ఇచ్చెను. 1857లో మరల పిలువబడెను. రాణీగారు పుచ్చుకొనిన తరువాత ఆ వాదము చాలవరకు సద్దుమణిగెను. లేఖనమును స్త్రీల బాధమీద బరువుగా మోపిన ఆ వాదకులలో ఎందరు ప్రసవవేదన యెరిగినవారో మేము అడుగము.

మందుగాలులనుగూర్చిన ఈ జ్ఞానమే ఆయనను వాంతిభేదివైపు మరల త్రిప్పెను. ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది, ప్రభుత్వ ఆరోగ్యశాఖవారితో సహా, రోగములన్నియు కుళ్లువాసనతో కూడిన చెడుగాలివలన పుట్టుచున్నవని నమ్మిరి. స్నోకు గాలుల సంగతి వారికంటె బాగుగా తెలియును. ఆవిరి ఎంత దూరము పోయిన అంత పలుచనగును. చెడుగాలియే కారణమైతే ఒక యింటిలో అందరు చచ్చి ప్రక్కయింటిలో ఒక్కడును చావకుండుట ఎట్లు? రోగి ప్రక్కన కూర్చుండి అదే గాలి పీల్చు వైద్యునికి ఏల రాదు? పైగా ఈ రోగము ఊపిరితిత్తులలో మొదలు పెట్టదు, కడుపులోనే మొదలు పెట్టును. కడుపులో మొదలగునది నోట మ్రింగబడినదే అయియుండవలెను.

1848లో రోగము లండనుకు మరల వచ్చెను. హాంబర్గునుండి ఓడలో వచ్చిన ఒక నావికుడు అద్దెగదిలో దిగి వాంతిభేదితో చనిపోయెను. కొన్ని దినములకు అదే గదిలో దిగిన మరియొకనికి అదే రోగము వచ్చెను. స్నో ఈ జాడలన్నియు కూర్చి 1849లో ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించెను. పెద్దలు చదివిరి, ఆలోచన బాగున్నది గాని రుజువు లేదనిరి. ఆ మాట న్యాయమేనని మాకును తోచుచున్నది. స్నో కూడ అట్లే యెంచి రుజువు కొరకు కాచియుండెను.

రుజువు ఆయన యింటికి నడచి వచ్చినంత దగ్గరలో, 1854లో దొరికెను.

ఆనాటి లండనులో మురుగు కాలువలు అన్ని వీధులకును లేవు. ఇంటి ముంగిట నేలలో ఇటుకలతో కట్టిన కక్కసు గుంటలుండెను. అవి నిండినను త్వరగా తీయరు. ఇశ్రాయేలీయులు పాళెములో ఉన్నప్పుడు మలమును వెలుపల గుంట త్రవ్వి కప్పవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో వ్రాయబడి యున్న సంగతి చదువరులెరుగుదురు. అరణ్యములో గుడారములవారికి ఉన్న ఆ క్రమము ఇరువది లక్షలకు పైబడిన జనముగల ఆ మహాపట్టణమునకు లేకపోయెను.

సోహోలో బ్రాడ్ స్ట్రీట్ అను వీధిలో ఒక చేతిపంపు ఉండెను. దాని నీరు చల్లగా తేటగా ఉండునని దూరపు వీధులవారు గూడ వచ్చి పట్టుకొనిపోవుదురు. ఆగస్టు 31వ తేదీ రాత్రి మొదలుకొని ఆ చుట్టు ప్రక్కల జనులు పిట్టలవలె రాలిరి. 250 గజముల లోపల పది దినములలో 500 మందికి పైగా చనిపోయిరి. సాయంకాలము భోజనము చేసినవాడు తెల్లవారునప్పటికి శవము. ఆరు దినములు కాకముందే ఆ వీధులలోని వారిలో ముప్పాతిక మంది ఇండ్లు విడిచి పారిపోయిరి.

స్నో పారిపోలేదు. పంపు నీరు తెచ్చి చూచెను. కంటికి అందులో చెప్పుకోదగిన మాలిన్యము కనబడలేదు. నీటిని చూచి నిర్ణయించు మనవారికి ఇది గుర్తుండవలసిన సంగతి. నీరు తేటగనే యుండెను. అప్పుడు ఆయన జననమరణముల కచ్చేరికి పోయి చనిపోయిన వారి చిట్టా తీసికొని ఇల్లిల్లు తిరిగెను. ఆ వారములో చివరి మూడు దినములలో 83 మంది చనిపోయిరి. వారిలో 73 మంది ఆ పంపునకు దగ్గరివారే. మిగిలిన పదిమంది ఇండ్లకు వేరే పంపులు దగ్గర. అయినను వారిలో అయిదుగురి యింటివారు ఆ నీరే రుచియని ఈ పంపునకే మనిషిని పంపుదుమనిరి. మరి ముగ్గురు ఈ పంపు మీదుగా బడికి పోవు పిల్లలు.

ఆయన చావులను మాత్రమే వెదకలేదు. చావని వారినికూడ వెదకెను. పోలండు వీధిలో 535 మంది దిక్కులేని వారుండు పేదల సత్రమొకటి ఉండెను. చుట్టును చావులే. లోపల అయిదుగురు మాత్రమే చనిపోయిరి. వారికి ప్రాకారము లోపలనే సొంత నుయ్యి ఉండెను. బ్రాడ్ వీధిలో సారాయి జాతికి చెందిన బీరు కాచు కార్ఖానా ఒకటి ఉండెను. అందులో 70 మందికి పైగా పనివాండ్రు. ఒక్కడును చావలేదు. కారణమడుగగా, వారికి రోజును బీరు ఉచితముగా ఇచ్చుటచేత వారు పంపు నీరే త్రాగరని యజమాని చెప్పెను. మద్యము ముట్టనని ప్రమాణము చేసిన స్నో ఈ సాక్ష్యమును ఏ ముఖముతో వ్రాసికొనెనో గాని, దాచక వ్రాసి అచ్చు వేసెను. తన వ్రతమునకు అనుకూలము కాని నిజమునుకూడ వ్రాసినందుకు ఆయనయందు మాకు గౌరవము హెచ్చుచున్నది.

అన్నిటికంటె బలమైన సాక్ష్యము దూరమునుండి వచ్చెను. హ్యాంప్‌స్టెడ్ అను మెట్టప్రాంతములో వాంతిభేది లేదు. అక్కడ ఒక విధవరాలు చనిపోయెను. ఆమె పూర్వము బ్రాడ్ వీధిలో కాపురముండినది. ఆ నీటిమీద మమకారము పోక, కుమారుల కార్ఖానా బండిమీద ప్రతి దినము ఒక బుడ్డి నీరు తెప్పించుకొనుచుండెను. ఆగస్టు 31న తెచ్చిన నీరు త్రాగి, సెప్టెంబరు 2న మరణించెను. ఆమెను చూడవచ్చిన మేనకోడలు కూడ ఆ నీరే త్రాగి, రోగము లేని తన పేటకు తిరిగిపోయి చనిపోయెను. కన్నకొడుకులు ప్రేమతో పంపిన నీరు అది.

సెప్టెంబరు 7వ తేదీ గురువారము సాయంకాలము స్నో సెయింటు జేమ్సు పరిధి పెద్దల యెదుటికి పోయి తన లెక్కలు చెప్పెను. వారు నమ్మిరో లేదో గాని, అంత చావులో ఏదియో ఒకటి చేయవలెను గనుక మరునాడు పంపు పిడిని తీయించిరి.

ఈ కథ చెప్పువారు పెక్కుమంది, పిడి తీసిన వెంటనే చావులు ఆగిపోయెనని చెప్పుదురు. అది సరికాదు. జనులు పారిపోవుటచేత అప్పటికే రోగము తగ్గుచుండెనని స్నో తానే వ్రాసెను. అయితే పిడి తీయుట వ్యర్థము కాలేదు. అది ఎట్లో తెలిసికొనుటకు మనము ఆ పాదిరిగారి యొద్దకు పోవలెను.

ఆ వీధుల మధ్యనున్న సెయింటు ల్యూకు దేవాలయములో రెవరెండు హెన్రీ వైట్‌హెడ్ అను సహాయ గురువు ఉండెను. వయస్సు ఇరువది యెనిమిది. ఆ పది దినములు ఆయన మంచము మంచమునకు తిరిగి చనిపోవుచున్నవారి ప్రక్కన కూర్చుండెను. ఆ యిండ్లలో ఎవరెవరున్నారో, ఏ బిడ్డ ఏ తల్లిదో, ఎవరు ఎక్కడికి పారిపోయిరో ఆయనకు తెలిసినట్లు ఏ వైద్యునికిని తెలియదు. స్నో మాట వినగానే ఆయనకు అది తొందరపాటుగా తోచెను. ఎందుకనగా రోగము వచ్చిన పిమ్మట ఆ పంపు నీరే విస్తారముగా త్రాగి బ్రతికిన వారిని ఆయన కన్నులార చూచెను. కాబట్టి స్నో మాట తప్పని చూపుటకు ఆయన ఇల్లిల్లు తిరుగ మొదలు పెట్టెను. కొన్ని యిండ్లకు నాలుగైదు మారులు పోయెను. ఊరు విడిచిపోయిన వారిని కూడ వెదకి పట్టుకొనెను. పంపు నీరు త్రాగితినని చెప్పిన 137 మందిలో 80 మందికి రోగము తగిలెను. త్రాగలేదన్న 297 మందిలో ఇరువది మందికే తగిలెను. లెక్క తేలగానే పాదిరిగారు తన అభిప్రాయమును విడిచిపెట్టిరి. ఇది చెప్పుటకు సులువు. మన సంఘములలో ఒకసారి నోటితో అన్నమాటను వెనుకకు తీసికొనిన వారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

కాని ఒక ప్రశ్న మిగిలెను. పంపులోనికి విషము ఎట్లు వచ్చెను? మొదటి రోగి ఎవరు? 1855 మార్చి నెలాఖరున వైట్‌హెడ్‌గారు మరణముల చిట్టా మరల చదువుచుండగా ఒక పంక్తి కంటబడెను. బ్రాడ్ వీధి 40వ నంబరు యింటిలో అయిదు నెలల ఆడబిడ్డ, విరేచనములచేత నీరసించి, సెప్టెంబరు 2న చనిపోయెను. ఆ యిల్లు పంపునకు ఎదుటనే యున్నది. ఆయన వెంటనే ఆ తల్లి యొద్దకు పోయెను. ఆమె ఒక పోలీసు జవాను భార్య. బిడ్డకు ఆగస్టు నెలాఖరున విరేచనములు ఆరంభమైనవనియు, పొత్తిగుడ్డలను బాల్చీలో జాడించి ఆ నీటిని ఇంటి ముంగిటి గుంటలో పోసితిననియు ఆమె చెప్పెను. అందరికంటె ముందు జబ్బుపడినది ఆ పసిబిడ్డయే.

ఏప్రిల్‌లో ఆ స్థలము త్రవ్వించిరి. గుంటకును నూతికిని మధ్య మూడడుగుల దూరము కూడ లేదు. గుంట ఇటుకలు కుళ్లి ఊడి, మురుగు నేలలోనుండి నూతిలోనికి ఊరుచుండెను.

ఆ తల్లిమీద ఎవరును నేరము మోపలేదు, మేమును మోపము. బిడ్డ గుడ్డలు జాడించి నీరు పారబోసినది. అంతకంటె ఆమె చేసినదేమి? ఈ దినము కూడ మన యిండ్లలో పసిబిడ్డ మలమును అమాయకమైనదని తలంచి బోరింగు గట్టుమీదనే గుడ్డలు పిండు తల్లులున్నారు. పెద్దవారి మలమునకున్నంత విషము దానిలోను ఉండునని వారికెవరు చెప్పిరి?

ఇంక ఆ పిడి సంగతి. ఆ బిడ్డ తండ్రి, ఆ పోలీసు జవాను, సెప్టెంబరు 8వ తేదీన రోగమున పడి 19న మరణించెను. ఆయన రోగమున పడిన దినమే పంపు పిడి తీయబడినది. ఆ పదునొకండు దినములు ఆయన మాలిన్యమంతయు అదే గుంటలోనికి పోయెను. పిడి ఉండినయెడల ఇండ్లకు తిరిగివచ్చుచున్న జనులు ఆ నీటిని మరల త్రాగియుందురు. ఆ వీధిలో రెండవ సంహారము జరుగకపోవుటకు కారణము ఆ పిడి తీయుటయేనని ఈ లెక్కవలన తేలినది. ఆ ప్రాంతపు చావులు మొత్తము 616.

ఇదే సమయమున స్నో థేమ్సు నదికి దక్షిణమున అంతకంటె పెద్ద పని పెట్టుకొని యుండెను. అక్కడ రెండు కంపెనీలు ఒకే వీధులలో గొట్టముల ద్వారా నీరిచ్చుచుండెను. ఒక కంపెనీ పట్టణపు మురుగు కలిసిన చోటనే నదినుండి నీరు తోడును. రెండవది 1852లో తన తోడుచోటును ఎగువకు, మురుగు లేని చోటికి మార్చుకొనెను. ఏ యింటికి ఏ కంపెనీ నీరో కాపురమున్నవారికే తెలియదు. కిరాయి యజమాని డబ్బు కట్టును. స్నో నీటిలో ఉప్పు ఎంత ఉన్నదో పరీక్షించి కంపెనీని గుర్తుపట్టెను. మురుగుతోను సముద్రపు పోటుతోను కలిసిన నీటిలో నలువది రెట్లు ఉప్పు హెచ్చు. రోగము తిరిగి వచ్చిన మొదటి ఏడు వారములలో, మురుగునీటి కంపెనీ 40,046 ఇండ్లలో 1,263 చావులు. ఎగువనీటి కంపెనీ 26,107 ఇండ్లలో 98 చావులు. పదివేల యిండ్లకు ఒకచోట 315, ఒకచోట 37. ధనికులు, పేదలు, గాలి, వీధి అంతయు ఒక్కటే. నీరొక్కటే వేరు.

1855లో ఆయన ఇదంతయు పెద్ద పుస్తకముగా అచ్చు వేయించెను. 200 పౌండ్లకు పైగా సొంత డబ్బు పెట్టగా షిల్లింగులు మాత్రము తిరిగి వచ్చెను. ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ఆయన మాటను త్రోసివేసిరి. ఒక వైద్యపత్రిక ఆయనను ఎగతాళి చేసి వ్రాసెను. బ్రాడ్ వీధివారు కూడ కొంతకాలమునకు మొరపెట్టుకొని ఆ పంపును మరల తెరిపించుకొనిరి. అలవాటైన నీరు గదా.

1858 జూన్ 10వ తేదీన, మత్తుమందులనుగూర్చి పుస్తకము వ్రాయుచుండగా స్నోకు పక్షవాతము వచ్చెను. 16వ తేదీన మరణించెను. వయస్సు 45. ఆ వైద్యపత్రిక ఆయన మరణవార్తను కొద్ది పంక్తులతో ముగించి, వాంతిభేది విషయమున ఆయన చేసిన పనిని పేరుకైనను ఎత్తలేదు. రుజువు చూపి నమ్మించలేక పోయినవాడుగనే ఆయన సమాధికి చేరెను.

1866లో తూర్పు లండనులో రోగము మరల లేచినప్పుడు ప్రభుత్వ గణాంక అధికారి విలియం ఫార్, ఒకప్పుడు చెడుగాలిని నమ్మినవాడు, చెడునీరిచ్చిన కంపెనీని స్నో మార్గముననే పట్టుకొనెను. 1884లో జర్మను వైద్యుడు రాబర్టు కాక్ కలకత్తాలో రోగుల ప్రేగులలో కామా గుర్తువలె వంకరగానున్న సూక్ష్మజీవిని చూచెను. అక్కడ ఒక చెరువు నీటిలోను అదే జీవి దొరికెను. ఆ గట్టువారు ఆ నీరే త్రాగుదురు. ఆ చెరువులోనే వాంతిభేదితో చనిపోయిన వాని గుడ్డలు ఉతికిరట. లండను తల్లి బాల్చీయు, కలకత్తా చెరువును ఒక్కటే కథ చెప్పెను.

రోగి ఎందుకు చచ్చుచున్నాడో కూడ స్నో సరిగానే ఊహించెను. శరీరములోని నీరంతయు ప్రేగుల ద్వారా పోయి రక్తము చిక్కబడుటచేతనే చావు వచ్చునని ఆయన వ్రాసెను. 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ దే ఆ సూక్ష్మజీవి విడుచు విషమే ప్రేగులచేత నీటిని కక్కించునని చూపెను. ప్రేగు నీటిని పోగొట్టుచున్నను, ఉప్పుతోపాటు చక్కెర కలిపిన నీటిని పీల్చుకొనగలదని తరువాత తెలిసినది. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు బెంగాలు సరిహద్దున బన్‌గావ్‌లో గుంపులుగా పడియుండగా, నరములలోనికి ఎక్కించు మందునీరు అయిపోయినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ నీటిని డ్రమ్ములలో కలిపించి బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి 30 మంది చనిపోవుచుండిన చోట చావులు నాలుగుకంటె తగ్గెను.

ఇప్పుడు వాంతిభేది మన పల్లెలలో అరుదు. కాని అదే నోటిదారిన వచ్చు రోగములు పోలేదు. పసిబిడ్డలను పట్టు రోటావైరస్, రక్తవిరేచనములు తెచ్చు షిగెల్లా, జిగట విరేచనముల అమీబా, టైఫాయిడు – అన్నియు మలమునుండి చేతికి, నీటికి, నోటికి వచ్చునవే. రోటావైరస్‌కు చుక్కలు ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండియు, తెలంగాణలో 2019 నుండియు ప్రభుత్వ టీకాలలో చేరినవి. విరేచనములు పట్టిన బిడ్డకు నీళ్లు మానిపించు అలవాటు మాత్రము కొన్ని యిండ్లలో ఇంకను ఉన్నది. పోయిన నీటిని తిరిగి పోయనియెడల బిడ్డ నిలువదు. ఆరోగ్యకేంద్రములో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఉప్పు కొలతకు మించరాదు. తల్లిపాలు ఆపరాదు. జింకు మాత్రలు ఎన్ని దినములో ఆశా కార్యకర్త చెప్పును. బిడ్డ కన్నులు లోతుకు పోయి, మూత్రము తగ్గి, త్రాగలేక సోలిపోయినను, మలములో రక్తము కనబడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వైట్‌హెడ్ పాదిరిగారు తరువాత ఉత్తరదేశపు పల్లె సంఘములలో సేవచేసి 1896లో మరణించిరి. ఆయన చదువుకొను గదిలో జాన్ స్నో పటము ఒకటి కడవరకు ఉండెను. ఆ వీధిలో ఇప్పుడు ఒక పంపు నమూనాను జ్ఞాపకముగా నిలిపియున్నారు. దగ్గరనే ఒక సారాదుకాణమునకు, మద్యము ముట్టనని ప్రమాణపత్రము వ్రాసిన ఆ వైద్యుని పేరే పెట్టిరి. పంపునకు పిడి లేదు.